ఎడమ సీట్లో పాత బల్బులు

నిరుడు నవంబరు ఇరవై రెండో తేదీ మధ్యాహ్నం మేము తిన్నది కొత్తబియ్యం అన్నం, దొండకాయ వేపుడు, మామిడల్లం పచ్చడి, చివర్న మజ్జిగ. కొత్తబియ్యం ఎంత జాగ్రత్తగా వార్చినా ముద్దవుతుంది. ఆ ముద్దన్నమే నా భార్య ఉషకి ఇష్టం, మళ్లీ కొంచెం పెట్టుకుంది. సాయంత్రం గుండె మీద ఎవరో కూర్చున్నట్టుందంటే, కొత్తబియ్యం అరగలేదన్నాను నేను, కొత్తబియ్యమే అన్నారు మా అత్తగారు, అదే అయ్యుంటుందని ఉష కూడా వాము నమిలి వేడినీళ్లు తాగింది. వరి పండించే ఇళ్లలో కోతలయిన ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఆ మాట అంటారు, ప్రతి ఏడూ అది నిజమే అవుతుంది, ఆ ఒక్క ఏడు తప్ప. ఇప్పుడు, ఏడాది దాటి మళ్లీ కోతలొచ్చాక, బళ్ళారి నుంచి ఒక్కణ్ణే కారులో ఇంటికి వస్తూ ఆ దొండకాయ వేపుడు ఎందుకు తలుచుకుంటున్నానంటే, రోడ్డు వార ఆరబోసిన వడ్ల వాసన కిటికీలోంచి వస్తోంది, ఆ వాసనతో పాటు ఆ మధ్యాహ్నమంతా వస్తోంది, కంచం అంచున ఆమె తీసి పెట్టిన కరివేపాకుతో సహా.

పొద్దు కుంకింది. కొత్త లైట్లు మొదటిసారి వేశాను. వేయగానే, తెలియని ఊళ్లో నిద్ర లేచినట్టయింది. ఇదే రోడ్డు మీద ఎన్నేళ్లుగానో తిరుగుతున్నాను, కాని ఈ తెల్లటి వెలుగులో తారు బూడిదలా ఉంది, తుమ్మచెట్ల ఆకులకి పచ్చదనం లేదు, ఎదురొస్తున్న ఎద్దుల బండి సున్నపు ముద్దతో చేసినట్టుంది. బండిలోని ముసలాయన చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు, ఆ చేతి వేళ్లన్నీ నాకు విడివిడిగా కనిపించాయి. కనపడవలసిన దానికన్నా ఎక్కువ కనపడుతోంది. గబగబా డిమ్ చేశాను. డిమ్ చేసినా తెలుపు తెలుపే. బల్బు వెనక వేడి తగ్గించడానికి చిన్న ఫ్యాను ఉంటుందట, ఇంజను నెమ్మదించినప్పుడల్లా అది సన్నగా, పక్క గదిలో ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తోంది. పాత లైట్లు ఇలా ఉండేవి కావు. అవి పసుపు నీళ్లు చల్లినట్టు కొంచెం మేర మాత్రం తడిపి, మిగతాది చీకటికి వదిలేసేవి. ఒకసారి ఎవరిదో గేదె గుద్దినప్పటి నుంచి ఎడమ లైటు పైకి చూసేది, రోడ్డు మీద కన్నా చెట్ల మీద ఎక్కువ పడేది. ఉష దాన్ని మెల్లకన్ను అనేది. చుట్టాలెవరైనా కారెక్కితే మా మెల్లకన్ను దానికి నిదానం ఎక్కువండీ అని ముందే చెప్పేది, దానికీ నాకూ కలిపి.

ఇవాళ ఆ మెల్లకన్ను కూడా పోయింది. బళ్ళారిలో నాగరాజ్ అనే కుర్ర మెకానిక్, నా కూతురు బిందుశ్రీకి తెలిసినవాడు, కారుని గోడకెదురుగా నిలబెట్టి, రెండు వెలుగులూ గోడ మీద ఒకే ఎత్తున పడేదాకా మర తిప్పి తిప్పి సరిచేశాడు. పాత బల్బులు బయటికి తీసి నవ్వాడు. "ఏం సార్, ఇన్ని దినాలు దీంతోనే తిరుగుతాండారా? అగ్గిపుల్ల గీసి పట్టుకొని పోయినట్ల ఉండాది గదా" అన్నాడు. పసుపు వెలుగువి దొరకవా అని అడిగాను. దొరుకుతాయి గానీ హుబ్బళ్లి నుంచి తెప్పించల్ల, మీ పాప ఈ పొద్దే వేసి పంపమన్యాదన్నాడు. పార్కింగ్ లైట్లు మాత్రం ముట్టుకోలేదు, అవి పాతవే, పసుపువే ఉంచాడు. తీసిన బల్బుల్ని పారేయబోతుంటే నేను చెయ్యి చాపాను. అతను ఒకసారి నా ముఖం చూశాడు. ఏమీ అడగకుండా వాటిని కన్నడ పేపర్లో చుట్టి, పగలకుండా ఇంకో చుట్టు చుట్టి ఇచ్చాడు. అడగనివాళ్లు అక్కడక్కడ ఉంటారు, వాళ్లని నేను మరిచిపోను. ఆ పొట్లం ఇప్పుడు ఎడమ సీట్లో ఉంది. గుంట వచ్చినప్పుడల్లా లోపల గాజు గాజుకి తగిలి చిన్న చప్పుడు. ఆ సీట్లోంచి ఆ చప్పుడు నాకు కొత్త కాదు. గేరు మార్చేటప్పుడు నెమ్మది అని చెప్పడానికి ఆమె నా మోచేతిని తాకేది, ముందు గాజులు వినపడేవి, తరువాత వేళ్లు తగిలేవి. ఇప్పుడు గాజు వినపడుతుంది, ఆ తరువాతి క్షణం కోసం మోచెయ్యి దానంతటదే ఎదురుచూస్తుంది.

నేను ఎడమవైపు చూడను. ఆ అలవాటు నిరుటి నుంచే. ఆ సాయంత్రం బళ్ళారి ఆస్పత్రికి వెళుతుంటే ఉష నా పక్కన ఆ సీట్లోనే కూర్చుంది, తల కిటికీ వైపు వాల్చి. ఇదిగో వచ్చేశాం, కోళూరు దాటేశాం, ఇంకెంతసేపు అని నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఎదురుగా వడ్ల లారీ వచ్చినప్పుడు దాని వెలుగులో ఆమె ముఖం కనిపించేది, నిద్రపోతున్నట్టుండేది, నొప్పి ఉన్నట్టు ఉండేది కాదు, నాకు ధైర్యంగా ఉండేది. ఆస్పత్రి వాకిట్లో డాక్టరు తలుపు తీసి చూసి, ఎప్పుడయిందని అడిగాడు. నాకు తెలియదు. ఈ దారిలో ఏ చెట్టు దగ్గర, ఏ వంతెన మీద, నేను ఏ మాట చెబుతుండగా ఆమె వినడం మానేసిందో నాకు తెలియదు. అందుకే ఈ రోడ్డు మీద ఏ చోటూ ఉత్త చోటు కాదు. ఆ ముఖం అంత ప్రశాంతంగా ఉండటం ఒక దయ, అది మాత్రం ఎవరో నాకు చేసి పెట్టారు.

లైట్లు మార్చింది కౌలుకి మడి చేసుకునే సిద్దక్క వల్ల. వలసొచ్చిన రైతులు కట్టుకున్న మా క్యాంపుకి వెళ్లే కాలువగట్టు రోడ్డు మీదే అందరూ వడ్లు ఆరబోస్తారు, ఎండకి తారు వేడెక్కితే నేల మీద కన్నా తొందరగా ఆరతాయి. సాయంత్రానికి కుప్ప చేసి, టార్పాలిన్ పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పేర్చి, కాపలాకి ఒక మనిషి ఆ కుప్ప పక్కనే రోడ్డు మీద పడుకుంటుంది. బండ్లన్నీ పక్కకి తప్పుకొని పోవాలి, ఇది అందరికీ తెలిసిన పద్ధతి. పోయిన వారం నా పసుపు లైట్లకి రాళ్లు ఆనలేదు. చక్రం రాయెక్కి పట్టా అంచు తొక్కింది. అక్కడికి మూరెడు దూరంలో సిద్దక్క తల. ఆమె లేచి కూర్చుని, చీర దులుపుకొని, "నన్ను గూడా మిల్లుకి పట్టిస్తావేమప్పా" అంది. నవ్వింది కూడా. నేను కారు వెనక్కి తీసి, దిగి, చెదిరిన రాళ్లు మళ్లీ పేర్చాను. ఆ సంగతి ఫోనులో బిందుకి చెప్పాను, చెప్పకుండా ఉండవలసింది. నాన్నా, ఎవరో ఒకరు పోయేదాకా ఆగుతావా అంది. అమ్మమ్మ సంగతో అన్నాను. అమ్మమ్మకి కళ్లలో శుక్లాలు, ఏ లైటైనా ఆవిడకొకటే అంది. బిందు సాయంత్రాలు మా ఇంట్లో ఉండదు, అందుకని అలా అనగలిగింది.

మా అత్తగారు సరోజినీదేవికి పగలంతా తెలుసు. పొద్దున్నే స్నానం చేసి ఉష ఫోటో ముందు దీపం పెట్టేది ఆవిడే. కూరగాయలమ్మే ఆమెతో మా అమ్మాయి పోయి ఏడాది దాటిందమ్మా అని చెప్పేదీ ఆవిడే. దీపాలు పెట్టే వేళకి ఆ తెలిసినదంతా ఎటో పోతుంది. టెక్కలకోటలో నా ఎరువుల కొట్టు కట్టేసి నేను వచ్చే వేళకి వరండాలో కుర్చీలో కూర్చుని ఉంటారు. కాలువ మలుపు దగ్గర నా కారు తిరగగానే మెల్లకన్ను వెలుగు తుమ్మచెట్ల తలల మీంచి జారి, మా వరండా గోడ మీదికి పాకుతుంది. ఆ పసుపు మరక చూసి ఆవిడ లేస్తారు. ఉష వచ్చింది అంటారు. నిరుడు ఉష వెళ్లింది ఆ వెలుగులోనే కదా, రావడం కూడా అందులోనే రావాలి. కారాపగానే వచ్చి ఎడమ తలుపు తీస్తారు. దిగమ్మా అంటారు. కాసేపు అలాగే నిలబడి, మళ్లీ నెమ్మదిగా తలుపేసి లోపలికి వెళతారు. ఇంటి తలుపు మాత్రం వేయనివ్వరు, అది ఇంకా దిగలేదు బాబూ, ఉండనివ్వండి అంటారు. ఏడాదిగా మా ఇంటి తలుపు తెరిచే ఉంది. నేను నడవలో మంచం వేసుకుని, చలిగాలి వచ్చినా, దోమలొచ్చినా, ఒకసారి కుక్క వచ్చి కాళ్ల దగ్గర పడుకున్నా, ఆ తెరిచిన తలుపుకి కాపలా పడుకుంటాను. ఇది ఆవిడ ఇల్లు. ఈ క్యాంపు ఆవిడ భర్త శివరామకృష్ణయ్యగారి పేరు మీద ఉన్నది, కాలువ నీళ్లొస్తాయని విని కృష్ణా జిల్లా నుంచి మొదట వచ్చినవారు ఆయన. నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి. తలుపు వేయమనే హక్కు నాకు ఉందో లేదో ఎప్పుడూ ఆలోచించలేదు. నిజానికి వేయాలనీ లేదు. ఆవిడ ఎడమ తలుపు తీసి దిగమ్మా అన్నంతసేపూ నేను స్టీరింగు వైపే చూస్తూ కూర్చుంటాను. నేను తల తిప్పనంతసేపూ ఆ సీటు ఖాళీ అని ఎవరూ చెప్పలేరు.

మరి ఈ తెల్ల వెలుగు చూసి ఆవిడ లేస్తారా? ఎవరిదో కారు అనుకుంటారు. అనుకుని కూర్చునే ఉంటారు. అప్పుడు నేను ఒక్కణ్ణే మెట్లెక్కి వస్తాను. ఒక్కణ్ణే రావడం చూస్తారు. పగలు తెలిసినది సాయంత్రం కూడా తెలుస్తుంది, ఇక తెలియని వేళంటూ రోజులో ఉండదు. బిడ్డ మళ్లీ పోతుంది ఆవిడకి, నా చేతుల మీదుగా, ఒక జత బల్బుల వల్ల. నాకు కూడానా అని అడుగుతోంది లోపల ఏదో. అడగనీ. సిరిగేరి క్రాస్ దాటాను. వరిని పట్టే సుడిదోమ వెలుగులోకి వాన పడ్డట్టు వస్తోంది, అద్దానికి తగిలి టిక్కు టిక్కుమంటోంది. పసుపు లైట్లకి ఇంత దోమ వచ్చేది కాదు, లేక వచ్చేదేమో, నాకు కనపడేది కాదేమో. ఎక్కడో గడ్డి తగలబెట్టారు, పొగ రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంది. కారు దాన్ని చీల్చుకొని ఇవతలికి వచ్చేసరికి కుడివైపు చేల గట్టు మీద ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు.

కాలు బ్రేకు మీదికి వెళ్లింది. ఆడవాళ్లు కారు. చీరలు. అడవిపందులు రాకుండా మడి చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కట్టడం ఈ వైపు అందరూ చేసేదే, మనుషులున్నారనుకొని పందులు రావు. ఇది సిద్దక్క కౌలుకి చేసే మడి. రోజూ దీని పక్కనుంచే తిరుగుతాను, పొద్దున వెళ్లేటప్పుడు ఇవి ఎడమవైపు, నేను చూడని వైపు, వచ్చేటప్పుడు నా మెల్లకన్నుకి ఎప్పుడూ ఆనలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ కనపడుతోంది. ఆ జరీ అంచుది బిందు పెళ్లిలో కట్టుకున్నది. ఆ చిన్న గళ్లది వంట చేసేటప్పటిది, కొంగు చివర పోపు మరక. ఆ పక్కన మంగళగిరి నేత. పెద్దకర్మ అయ్యాక ఉష చీరలన్నీ సిద్దక్కకే ఇచ్చాం, కట్టుకుంటుందనుకున్నాం. కొన్ని కట్టుకుంది కూడా. మిగిలినవి ఇక్కడ ఈ గాలికి నడుము దగ్గర ఉబ్బి, మళ్లీ లోపలికి పోయి, మళ్లీ ఉబ్బుతున్నాయి. రంగులు తెలియడం లేదు, వెలుగు రంగులన్నీ తాగేసింది, కాని ఏది ఏ రంగో నాకు తెలుసు. కోపం రాలేదు. ఆమె పంటకి కాపలా కాస్తున్నారు, అంతే. కాని ఇన్నాళ్లూ రోజూ సాయంత్రం ఇంతమంది ఇక్కడ నిలబడి నా కారు వెళ్లడం చూస్తూ ఉన్నారన్నమాట.

ఎక్కువ చూపించే వెలుగు ఇది. దీన్ని ఇంటికి తీసుకెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు. కాలువ మలుపు ముందు కారాపాను. నీళ్ల చప్పుడు, ఆ చిన్న ఫ్యాను ఊపిరి. వంతెన దాటితే మా వరండా కనపడుతుంది, వరండాకి నేను కనపడతాను. నాగరాజ్ ముట్టుకోని పార్కింగ్ లైట్లు గుర్తొచ్చాయి. పసుపువి. ఈ కాస్త దూరం వాటితో వెళితే ఏమవుతుంది, నడిచినంత నెమ్మదిగా వెళితే. రాళ్లు ఎక్కడుంటాయో తెలుసు కదా. ఆవిడ పసుపు వెలుగు చూసి లేస్తారు, రేపటి సంగతి రేపు. పెద్ద లైట్లు ఆర్పేశాను. ఫ్యాను చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ముందు ఏమీ లేదు, బానెట్ అంచున రెండు దీపపు కుందుల పాటి వెలుగు, ఆ తరువాత చీకటి. కదిలాను. వంతెన ఎక్కాను, దిగాను. కుడివైపుకి జరిగాను, కుప్ప ఎడమవైపు ఉండాలి. చక్రం కింద గుంట. ఎడమ సీట్లో గాజు చప్పుడయింది. మోచెయ్యి దానంతటదే ఆగింది, దాంతో పాటు కాలూ ఆగింది. నెమ్మది అన్నట్టు. ఎవరూ అనలేదు. చెయ్యి స్విచ్చు మీదికి వెళ్లింది.

తెల్లగా రోడ్డంతా లేచి నిలబడింది. బానెట్‌కి నాలుగడుగుల ఎదురుగా మా అత్తగారు.

తెల్ల చీర, తెల్ల జుట్టు, కాళ్లకి చెప్పులు లేవు. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, శుక్లాల కళ్లు రెండూ వెలుగుకి పాలలా మెరుస్తున్నాయి. ఆవిడ నీడ వెనక కుప్ప మీదికి ఎక్కి, పట్టా మీంచి దిగి, ఆ అవతల చీకట్లోకి పోయింది. కుప్ప పక్కన సిద్దక్క లేచి కూర్చుంది. "ఏందప్పా, పొద్దు మల్ల పుట్నాదనుకుంటి" అంది. అని, ఎదురుగా ఎవరు నిలబడ్డారో చూసి, మాట ఆపేసింది. తరువాత లోగొంతుతో, అమ్మ ఇప్పుడే ఈడికి నడుసుకుంటా వచ్చిందనీ, నువ్వు తడువు చేసినావని ఎదురొచ్చిందనీ, కూసోమంటే కూసోలేదనీ చెప్పింది. పసుపు లైట్లతో నేను ఇంకో నాలుగడుగులు వచ్చి ఉంటే అని ఆలోచన మొదలైంది, దాన్ని చివరిదాకా పోనివ్వలేదు. దిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది.

"ఆలస్యమైందేం బాబూ" అన్నారు.

"లైట్లు మార్పించానత్తయ్యగారూ."

ఆవిడ వెలుగుని చూశారు. రోడ్డుని చూశారు. కుప్ప చుట్టూ చెదిరి పడిన గింజలు ఒక్కొక్కటీ తన నీడతో సహా కనపడుతున్నాయి, ఆవిడ వంగి కాలి దగ్గరి గింజ ఒకటి తీసి పట్టా మీదికి వేశారు. ఆ కళ్లకి గింజ ఆనడం నేను చూశాను. తరువాత కారు దగ్గరికి నడిచారు. ముందు తలుపు తీయలేదు, వెనక తలుపు తీసి వెనక సీట్లో కూర్చున్నారు. ఉష ఉన్నప్పుడు ఎప్పుడూ అలాగే, ముందు సీటు కూతురిది, వెనక సీటు తనది. ఎడమవైపు చూడకుండా, పెద్ద లైట్లతో, ఆ కాస్త దూరం నడిపాను. అద్దంలో ఆవిడ ముందు సీటు వైపే చూస్తున్నారు, చిన్నగా తల ఊపుతున్నారు, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు.

మా వాకిట్లోనూ వడ్లు ఉన్నాయి, నిరుటిలాగే. కారు నిలిచే చోటి నుంచి మెట్ల దాకా గోడ వెంబడి ఒక మనిషి నడిచే సందు మాత్రం వదులుతాం. ఆ సాయంత్రం ఉష ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, అడ్డంగా రమ్మన్నా రాకుండా, ఆ సందులోంచి చుట్టూ తిరిగి కారు దగ్గరికొచ్చింది. వడ్లు తొక్కుతానా అంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె కాలు ఒక్క గింజ మీద పడలేదు. ఇప్పుడు తెల్ల వెలుగులో వడ్ల అంచు గీత గీసినట్టుంది, సందు వాగులా తెల్లగా ఉంది. అత్తగారు దిగి, చుట్టూ తిరిగి వచ్చి ఎడమ తలుపు తీశారు. నేను స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాను. దిగమ్మా అనే మాట కోసం ఎదురుచూశాను. ఆవిడ నాతో మాట్లాడారు.

"ఇన్నాళ్లూ దిగమంటే దిగదేం అనుకున్నాను బాబూ. ఆ గుడ్డి లైట్లలో దానికి దారి ఆనలేదు. వడ్లెక్కడున్నాయో తెలియక, తొక్కుతానేమోనని అలాగే కూర్చుండిపోయింది, పిచ్చిది."

తరువాత సీటు వైపు వంగి, చెయ్యి చాపి, "ఇప్పుడు కనపడుతోందిగా, దా" అన్నారు. నాతో, లోపలికి వెళ్లేదాకా ఆర్పకండి అన్నారు.

నేను ఆర్పలేదు. ఆవిడ గోడ వెంబడి సందులో నడిచారు, ఒక చెయ్యి వెనక్కి చాపి ఉంచి, ఇద్దరు నడిచే నడకతో. సగం దారిలో ఉండగా సన్నగా గాజు చప్పుడయింది. అత్తగారి చేతులు ఏనాటి నుంచో బోసివి. కారు కదలకుండా ఉంది. అప్పుడు ఎడమవైపు చూశాను, ఏడాది తరువాత. పొట్లం సీటు మీద ఎక్కడిదక్కడే ఉంది. సీటు ఖాళీగా ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన సీటు ఎలా ఉంటుందో అలా.

లైట్లు ఆర్పి, నేనూ వడ్లు తొక్కకుండా ఆ సందులోంచే వచ్చాను. గడప దగ్గర ఆవిడ తలుపు రెక్క పట్టుకుని పక్కకి జరిగి నిలబడి ఉన్నారు. ఒక మనిషి లోపలికి వెళ్లేంతసేపు అలాగే ఉన్నారు, తరువాత నా వైపు చూశారు, నేను లోపలికి వెళ్లాను. అందరూ వచ్చారో లేదో చూసుకున్నట్టు వాకిలి వైపు ఒక్కసారి చూసి, అత్తగారు చప్పుడు కాకుండా తలుపు మూశారు.